తెర వెలుగుతోందని ఎవరూ చెప్పలేదు

మా పిన్ని ఫోన్‌కి ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు వచ్చేది. ఆ నెల మొదట్లో అది ఒక్క పూటకి పడిపోయింది. పొద్దున ఆరు గంటల డ్యూటీకి నిండా నింపుకుని వెళ్తే, మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ముప్పై శాతానికి దిగిపోతోంది. ఇంకెవరైనా అయితే ఫోన్ పాతబడిందనుకుని ఊరుకునేవారు. పిన్ని ఏ విషయాన్నీ అలా పోనివ్వదు. చూపు లేని మనిషికి అనుమానం కూడా చేతికర్ర లాంటిదే. ముందు దాన్ని తట్టి చూశాకే ఆమె అడుగు వేస్తుంది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లోనే ఉంది. పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ ఆపరేటరు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ ఆసుపత్రిలో నాలుగు వందల ముప్పై ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. అన్నీ ఆమెకి నోటికి వచ్చు. అందుకే అక్కడ ఆమెని అందరూ డైరెక్టరీ అంటారు. గుండె డాక్టరు గది మారబోతోందని గుండె డాక్టరు కంటే ముందు డైరెక్టరీకి తెలుస్తుంది. గొంతు విని మనిషిని గుర్తుపట్టడం చాలామందికి వచ్చు. పిన్ని గొంతు విని అబద్ధాన్ని గుర్తుపడుతుంది. "సార్ ఆపరేషన్‌లో ఉన్నారు" అని ఏ నర్సయినా అంటే, "ఆపరేషన్ థియేటర్లో టీ గ్లాసుల చప్పుడెందుకమ్మా" అని అడుగుతుంది.

తొమ్మిదో ఏట జ్వరం వచ్చి మూడు వారాల్లో చూపు పోయింది. అప్పటికి అమ్మకి పద్నాలుగేళ్లు. ఆ రోజు పిన్ని మణికట్టు పట్టుకున్న అమ్మ చెయ్యి మళ్లీ వదల్లేదు. బడికి, ట్రైనింగుకి, ఉద్యోగం ఇంటర్వ్యూకి అన్నిటికీ ఆ చెయ్యే తీసుకెళ్లింది. అమ్మ లేకపోతే పిన్ని ఇంత దూరం వచ్చేది కాదని మా ఇంట్లో అందరూ అంటారు. అది నిజం. కానీ రోజుకోసారి గుర్తు చేస్తూ ఉంటే ఏ నిజమైనా బరువెక్కుతుంది. ఎత్తుకున్నవాళ్లు ఆ బరువు గురించి మాట్లాడతారు గానీ, ఎత్తించుకున్నవాళ్లని ఎవరూ అడగరు.

ట్రైనింగు రోజుల్లో అక్కడ పనిచేసిన ఒకాయన పిన్నికి ఉత్తరాలు రాసేవాడట. అమ్మ చదివి వినిపించేది. కాగితం చేతిలోకి తీసుకుంటే పిన్నికి లెక్క తెలిసిపోయేది. మూడు కాగితాలు, బాల్ పెన్ను నొక్కు వెనక వైపు కూడా వేలికి తగిలేది, అంటే రెండు వైపులా రాశాడు. అమ్మ చదవడం మాత్రం రెండు నిమిషాల్లో అయిపోయేది. "బాగున్నాడట. నువ్వు బాగున్నావా అని అడిగాడు." ఐదు ఉత్తరాల తర్వాత ఆయన రాయడం మానేశాడు. ఆయన ఏం రాశాడో పిన్నికి ఇప్పటికీ తెలియదు. నాకు ఈ సంగతి చెప్పిన రోజున, మరి అమ్మని అడగలేదా అన్నాను.

"అడిగితే చెప్తుంది. ఆ చెప్పేదీ తను చదివినట్టే ఉంటుంది," అంది.

మూడేళ్ల కిందట పిన్ని టచ్ ఫోన్ కొనుక్కున్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. మీటలు లేని గాజు పలక మీద చూపు లేని మనిషి ఏం చేస్తుందని. ఆ నవ్వుల్లో నాదీ ఒకటి. తర్వాత నేర్పించే పని నా మెడకే చుట్టుకుంది, ఎందుకంటే ఇంట్లో పని లేకుండా కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. తువ్వాలు కళ్లకి కట్టుకుని ముందు నేను నేర్చుకున్నాను. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడ ఉన్నదాన్ని లోపలి గొంతు చదువుతుంది. కావాలనుకుంటే రెండుసార్లు తట్టాలి. ఒక వేలితో పక్కకి తోస్తే తర్వాతి మాట. రెండు వారాలకి నేను తువ్వాలు విప్పేశాను. పిన్ని నన్ను దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ గొంతుని ఎంత వేగం పెంచిందంటే, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ఉండేది. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె చిరునవ్వు నవ్వుతూ వినేది.

ఇంకొకటి కూడా నేనే నేర్పాను. మూడు వేళ్లతో మూడుసార్లు తడితే తెర పూర్తిగా ఆరిపోతుంది. ఫోన్ పనిచేస్తూనే ఉంటుంది, గొంతు చెవిలో చదువుతూనే ఉంటుంది, బయటివాళ్లకి మాత్రం నల్లటి గాజే. మళ్లీ తడితే వెలుగుతుంది. వెలుతురు ఆమెకి అక్కర్లేదు కదా, చార్జింగ్ మిగులుతుందని చెప్పాను. పిన్నికి చార్జింగ్ కంటే నల్లటి గాజే నచ్చింది. జీవితంలో మొదటిసారి ఎవరికీ కనిపించకుండా ఏదైనా చదువుకోగలిగింది.

బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి మాత్రం నిద్ర పట్టేది కాదు.

"ఏమండీ, మీ ఫోన్ ఆఫ్‌లో ఉంది."

"మీకు ఆఫ్‌లో ఉంది. నాకు ఆన్‌లోనే ఉంది."

ఆ మాటతో వాళ్లకి ఇంకో అనుమానం మొదలయ్యేది. వేళ్లు ఇంత చకచకా కదులుతున్నాయి, ఈమెకి నిజంగా చూపు లేదా అని. ఒకాయన ఆమె ముఖం ముందు చెయ్యి ఊపి చూశాడు. "గాలి బాగానే వస్తోందండీ," అంది పిన్ని.

ఇంట్లో ఈ ఫోన్‌తో నలిగింది అమ్మ. కెమెరా ముందు ఏది పెట్టినా అందులో రాసి ఉన్నది చదివేస్తుంది. పాల ప్యాకెట్ మీద తారీకు, మాత్రల అట్ట మీద పేరు, కరెంటు ఆఫీసు నోటీసు. ఇవన్నీ అంతకుముందు అమ్మ పనులు.

"పాలు బాగానే ఉన్నాయే, నేను చూశాను," అనేది అమ్మ.

పిన్ని సరేనని ప్యాకెట్ తీసుకుని, తిప్పి, ఫోన్ ముందు పెట్టేది. గొంతు తారీకు చదివేది. అప్పుడు గిన్నెలో పోసేది.

"నేను చెప్తే నమ్మకం లేదా నీకు?"

"నమ్మకం లేకపోవడం ఏమిటక్కా. వినాలనిపించింది, విన్నాను."

"ఆ డబ్బా చెప్తే నిజం. అక్క చెప్తే కాదు."

ఇలాంటివి రోజుకి రెండు మూడు జరిగేవి. నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవాడు. నేను నా గదిలోకి పోయేవాణ్ణి. మా ఇంట్లో అందరికీ కళ్లున్నాయి, ఎటు తిప్పుకోవాలో కూడా బాగా తెలుసు.

చార్జింగ్ దిగిపోతోందని పిన్ని ఒక బుధవారం సాయంత్రం ఫోన్ రిపేరు షాపుకి వెళ్లింది. తోడుగా నేను వెళ్లాను. అతను ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"బ్యాటరీకి ఏ రోగమూ లేదు మేడమ్. స్క్రీన్ వెలుతురు ఫుల్లుగా పెట్టారు. అదే తాగేస్తోంది."

"నా స్క్రీన్ వెలగదు."

"వెలుగుతోంది మేడమ్. ఇదిగో, ఎవరో నర్సమ్మ డ్యూటీ మార్చుకుందామని పెట్టిన మెసేజ్ కూడా కనిపిస్తోంది."

పిన్ని చెయ్యి చాచి ఫోన్ లాక్కున్నట్టే తీసుకుంది. తెర మీద అరచెయ్యి మూసింది. ఒంటి మీద బట్ట జారిందని బజారు మధ్యలో ఎవరో చెబితే మనిషి ఎలా అవుతుందో అలా అయింది.

"ఎన్నాళ్ల నుంచి వెలుగుతోంది?"

"అది ఫోన్ చెప్పదు కదా మేడమ్. మీకు చార్జింగ్ ఎప్పటి నుంచి దిగుతోంది?"

ఆమె పెదాలు కదిలాయి. లెక్కపెట్టుకుంటోంది. "పదహారు రోజులు," అంది.

పదహారు రోజులు బస్సులో, క్యాంటీన్ వరసలో, ఎక్స్‌ఛేంజ్ గదిలో ఆమె తన ఉత్తరాలన్నీ అందరి ముందూ విప్పి పట్టుకుని తిరిగింది. తెర నల్లగా ఉన్నప్పుడు ఫోన్ ఆగిపోయిందని చెప్పడానికి బస్సంతా పోటీ పడింది. వెలుగుతున్నప్పుడు ఒక్కళ్లూ నోరు మెదపలేదు.

అక్కడే మూడు వేళ్లతో మూడుసార్లు తట్టి తెర ఆర్పేసింది. షాపు మెట్లు దిగాక ఆగి, నా వైపు తిరిగింది.

"మూడు వేళ్ల సంగతి ఎవరికి తెలుసురా?"

"నాకు తెలుసు. నీకు తెలుసు."

"నేను తట్టలేదు."

"అంటే నేను తట్టానంటావా?"

"నేను అనడం లేదు. లెక్క చెప్తోంది."

నాకు ఒళ్లు మండింది. నేర్పినందుకు దొంగతనం నా మీద పెడుతోందనుకున్నాను. నాలుగు మాటలు అనేశాను కూడా, ఆ మాటలు ఇక్కడ రాయను. ఆమె అన్నీ విని, "అయిందా?" అంది. "ఇప్పుడు చెప్పు. తెర వెలుగుతుంటే ఎప్పుడైనా చూశావా?"

గొంతు విని అబద్ధం పట్టే మనిషి ముందు ఏం దాస్తాను.

"చూశాను. వారం కిందట, బాల్కనీలో. నువ్వే పెట్టుకున్నావనుకున్నాను."

"ఏం చదివావు?"

"ఒక్క లైను. ఒంటరి ఉద్యోగినులకి క్వార్టర్ల జాబితా అని ఉంది."

ఆసుపత్రి వెనక సిబ్బందికి గదులున్నాయి. ఒక గది, వంటకి చిన్న గట్టు, బాత్‌రూము. దాని కోసం పిన్ని నాలుగేళ్ల కిందటే దరఖాస్తు పెట్టుకుందని, జాబితాలో ఆమె పేరు మొదటికి వచ్చిందని అప్పుడు చెప్పింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. గది చేతికి వచ్చాక చెప్పాలనుకుందట. ముందు చెబితే చెయ్యి వదలరని.

"నేను ఎవరికీ చెప్పలేదు పిన్నీ."

"వాళ్లకి చెప్పావని నేనేం అనడం లేదు. నాకు చెప్పాల్సింది. నా స్క్రీన్ వెలుగుతోందని నాకు చెప్పాల్సింది రా."

ఇంటిదాకా ఆమెకి ఒక అడుగు వెనకే నడిచాను.

మర్నాడు డ్యూటీ అయ్యాక క్వార్టర్ల సెక్షన్‌కి వెళ్లింది. నన్ను రమ్మంది. "నువ్వే దొంగవైతే నా కళ్లెదుట ఉండు," అంది. సెక్షన్ గుమాస్తా పెద్దాయన, నెమ్మదస్తుడు. పిన్నిని చూడగానే కుర్చీ జరిపాడు.

"అదేమిటి డైరెక్టరీగారూ, గది వద్దని రాశారు? నాలుగేళ్లు నా ప్రాణం తీసి, తీరా వస్తే వద్దంటారా?"

"నేనా?"

"సోమవారం మీకు మెసేజ్ పెట్టాం, గది వచ్చింది, శనివారం లోపు చెప్పమని. మంగళవారం మధ్యాహ్నం మూడు ఇరవైకి మీ జవాబు వచ్చింది. 'నాకు గది అవసరం లేదు. వేరేవాళ్లకి ఇవ్వండి.'"

అతను కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. నేను చదవబోయాను. పిన్ని చేత్తో నన్ను ఆపి, "అది నా ఫోన్‌కి పంపండి సార్," అంది. అతను పంపాడు. ఆమె ఇయర్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు విన్నది. నేను చదివితే చాలని ఆమెకి అనిపించలేదు. ఆమె ఫోన్‌లో మాత్రం సోమవారం మెసేజూ లేదు, మంగళవారం జవాబూ లేదు. ఎవరో రెండూ తుడిచేశారు.

"నేను పంపలేదు సార్."

"మీ నంబరు నుంచే వచ్చింది కదమ్మా. ఫోన్ తనంతట తాను పంపుకోదు."

"గది ఇంకొకరికి ఇచ్చేశారా?"

"తాళం ఇంకా నా దగ్గరే ఉంది. సోమవారం దాకా ఆపగలను. కానీ కాగితం కావాలి. పొరపాటున నొక్కానని రాసివ్వండి, మీకూ నాకూ తలనొప్పి ఉండదు."

పిన్ని తల అడ్డంగా ఊపింది. "పొరపాటున రెండు వాక్యాలు నొక్కుతానా సార్?"

"నిజమే." అతను గొంతు తగ్గించాడు. "నేను అనకూడదు గానీ, పొరపాటు అని రాస్తే సంతకం పెట్టే మా ఆఫీసరు ఇంకో మాట అడుగుతాడు. ఫోన్ సరిగ్గా నొక్కలేని మనిషి ఒంటరిగా స్టవ్ ఎలా వెలిగిస్తుంది అని. ఇంతకుముందు ఒకరి విషయంలో అడిగాడు కూడా. గది ఇవ్వలేదు."

"అయితే ఏం రాయాలి?"

"పంపింది ఎవరో వాళ్ల పేరు రాయాలి. మీరు కాదని తేలాలి."

బయటికి వచ్చాక ఆ పొడుగు వరండాలో పిన్ని నిలబడిపోయింది. పొరపాటు తనదంటే తనకి ఒంటరిగా బతకడం చేతకాదని తనే సంతకం పెట్టినట్టు. కాదంటే ఇంట్లో మనిషి పేరు ఆఫీసు ఫైలులో పెట్టాలి. ఎవరో తెలియని మనిషి ఆమెని అటూ ఇటూ కదలకుండా బిగించాడు.

"నా పేరు రాయి పిన్నీ," అన్నాను. "నేనే చేశానని సంతకం పెడతాను."

"నీ పేరు రాస్తే నీకు పోయేదేముంది, ఉద్యోగమా?" అంది. తర్వాత గొంతు మార్చి, "వద్దురా. నా ఫోన్‌లోంచి ఒక అబద్ధం వెళ్లింది చాలు," అంది.

బస్సు కోసం నడుస్తూ నేను నాన్న మీద అనుమానం బయటపెట్టాను. అనుమానం అనేది ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఒక గదిలో ఉండదు. పిన్ని నవ్వింది.

"బావకి కాల్ కట్ చేయడమే రాదు. మాట్లాడటం అయ్యాక పది నిమిషాలు ఆయన దగ్గు వింటూ ఉంటాను. ఆయన మూడు వేళ్లు తడతాడా?"

నాన్నని తీసేస్తే ఇంట్లో మిగిలింది ఒక్కరే. ఆ మాట ఇద్దరం అనలేదు. బస్సు ఎక్కాక నాకు గుర్తొచ్చింది, నేను పిన్నికి నేర్పిన రోజుల్లో అమ్మ పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతూ ఉండేది. ప్రతిరోజూ అవే బట్టలు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం దగ్గర పిన్ని ఎవరితోనూ కాదన్నట్టుగా అంది. "ఆఫీసు నుంచి ఏదో మెసేజ్ వస్తుందట ఇవాళ. చూడాలి. ముందు కాసేపు పడుకుంటాను."

నాన్న మజ్జిగ పోసుకున్నాడు. అమ్మ కంచాలు తీసింది.

పిన్ని ఫోన్ తాళం వేలిముద్రతో తెరుచుకుంటుంది. కుడి చేతి ఉంగరపు వేలు. చూపుడువేలు బ్రెయిలీ చదివి చదివి గరుకెక్కింది, ఫోన్ దాన్ని గుర్తుపట్టేది కాదు. ఏ వేలో ఇంట్లో అందరికీ తెలుసు, అప్పట్లో దాని మీద ఒక పూటంతా నవ్వుకున్నాం.

నాలుగు గంటలకి పిన్ని మేడమెట్ల మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది. ముఖంలో ఏమీ లేదు. కానీ కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది.

"ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. ఇయర్‌ఫోన్ దానికే ఉంది. పావుగంట అయ్యాక అడుగులు వినిపించాయి. అడుగులు విని మనిషిని చెప్పగలను గానీ, చెప్పదలుచుకోలేదు. ఇంకెవరైనా కావచ్చు అనుకున్నాను. తర్వాత చెయ్యి పట్టుకుంది. ముందు మణికట్టు దగ్గర రెండు వేళ్లు, తర్వాత అరచేతిలోకి జారి. చెయ్యి పట్టుకోగానే రోడ్డు దాటుతున్నట్టు అనిపించింది రా."

నేను ఆమె కుడి మణికట్టు వైపు చూశాను.

"మెల్లగా వేలు తీసి ఫోన్ మీద ఆనించింది. నిద్రలో ఉన్న పిల్లకి గోళ్లు తీస్తారే, అంత మెల్లగా. తర్వాత గాజు మీద తట్టిన చప్పుడు. మూడేసి వేళ్లు, మూడుసార్లు. వెతుక్కుంది. ఏమీ రాలేదు కదా. పక్కనున్న మీట నొక్కి, ఫోన్ అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. తను వెళ్లాక నేను తట్టి చూశాను. తెర ఆరింది అని చెప్పింది గొంతు. అంటే అప్పటిదాకా వెలిగి ఉంది."

అమ్మ చేసిన తప్పు అదొక్కటే, మళ్లీ మూడు వేళ్లతో తట్టి ఆర్పకపోవడం. పక్కనున్న మీట నొక్కితే ఎవరి ఫోనైనా నల్లబడుతుంది. ఎప్పుడూ ఉన్నట్టే పెట్టేశాననుకుంది అమ్మ. మూసిన తెరా, ఆర్పిన తెరా చూపున్నవాళ్లకి ఒకేలా ఉంటాయి. వాటి తేడా తెలిసింది పిన్ని ఒక్కదానికే.

"అడుగుతావా?" అన్నాను.

"అడిగితే ఏడుస్తుంది. ఏడిస్తే నేను ఊరుకోబెట్టాలి. ఊరుకోబెట్టాక గది మాట ఎత్తలేను. నలభై రెండేళ్లలో ఇది నాకు బాగా తెలుసు."

ఆదివారం పొద్దున పిన్నికి సెలవు. హాల్లో కుర్చీ వేసుకుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. నాన్న పేపరు చదువుతున్నాడు. అమ్మ వంటింట్లో కూర తరుగుతోంది. పిన్ని ఇయర్‌ఫోన్ తీసేసింది. గొంతు వేగం తగ్గించింది. మూడేళ్లలో మొదటిసారి ఆ ఫోన్ మనుషులు మాట్లాడే వేగంతో మాట్లాడింది, మా అందరికీ అర్థమయ్యేలా.

ముందే రాసి పెట్టుకుంది. వేలితో తోస్తుంటే గొంతు ఒక్కొక్క వాక్యమే చదివింది.

"క్వార్టర్ల సెక్షన్ వారికి. మంగళవారం నా ఫోన్ నుంచి వచ్చిన జవాబు నాది కాదు. నేను నిద్రలో ఉండగా మా అక్క నా వేలిముద్రతో ఒకసారి నా ఫోన్ తెరిచి, నాకు తెలియకుండా ఆ జవాబు పంపింది. నాకు గది కావాలి."

వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది. నాన్న పేపరు మడిచి, చెప్పులు వేసుకుని, బయటికి వెళ్లిపోయాడు. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు.

"అక్కా," అంది పిన్ని, గొంతు పెంచకుండానే. "విన్నావు కదా. ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పు. ఇంకా పంపలేదు."

చాలాసేపటికి అమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఒకసారి అని రాశావు. ఒకసారి కాదు. ఆరుసార్లు."

పిన్ని తల పైకెత్తింది. అది ఆమె ఊహించలేదని తెలిసిపోయింది.

"మొదటిసారి ఎవరితో మాట్లాడుతున్నావో చూద్దామనే తెరిచాను," అంది అమ్మ. "పొద్దస్తమానం చెవిలో అది పెట్టుకుని నవ్వుకుంటావు. నాకు ఒక్క ముక్క చెప్పవు. ఏముందో తెలుసుకోవద్దా?"

"అడగొచ్చు కదా."

"అడిగితే చెప్పావా ఎప్పుడైనా? పాల ప్యాకెట్ దగ్గర కూడా నన్ను దొంగని చూసినట్టే చూస్తున్నావు మూడేళ్లుగా. చూసి చూసి నన్ను దొంగని చేశావు."

ఆ మాటకి నేను నేల చూశాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

"ఆ ఉత్తరాల్లో ఏం రాశాడక్కా ఆయన?" అంది పిన్ని.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది. "అవన్నీ ఇప్పుడెందుకు," అంది.

పిన్ని తల ఊపి, ఫోన్ మీదికి వంగింది. వేలు తెర మీద వెతికి 'ఒకసారి' దగ్గర ఆగింది. దాన్ని తీసేసి 'ఆరుసార్లు' అని పెట్టింది. గొంతు మళ్లీ మొదటి నుంచి నిదానంగా చదివింది. రెండోసారి ఆ కాగితం వినడం మొదటిసారి కంటే కష్టంగా ఉంది.

"ఒక్కదానివి ఎలా ఉంటావే?" అంది అమ్మ. ఈసారి గొంతు మారింది. "కాలు జారి పడితే?"

"లేస్తాను. నువ్వు పడితే నిన్ను ఎవరు లేపుతున్నారు?"

"ఏదైనా మాడితే?"

"వాసన వస్తుంది. ముక్కుంది కదా."

"నిన్ను మేమే బయటికి పంపేశామంటారు అందరూ."

"అనేవాళ్ల నంబర్లు ఇవ్వు. నేనే ఫోన్ చేసి చెప్తాను."

నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, "పంపించు. నా పేరే కదా. పంపించు," అని వంటింట్లోకి వెళ్లింది. పిన్ని రెండుసార్లు తట్టింది. పంపబడింది అని గొంతు అందరికీ వినిపించేలా చెప్పింది. వంటింట్లో కత్తి చప్పుడు మళ్లీ మొదలైంది, ముందుకంటే వేగంగా.

ఆఫీసరు ఆ కాగితం చదివి ఒక్క ప్రశ్న కూడా అడగలేదని గుమాస్తా తర్వాత చెప్పాడు. పదకొండో రోజున తాళం ఇచ్చారు. ఒక పెట్టె, రెండు సంచులు, ఒక పరుపు. మోసింది నేను. అమ్మ రాలేదు. పెట్టె సర్దింది మాత్రం అమ్మే. సర్దాక పిన్ని ఒక్కొక్కటీ తీసి తడిమి, మళ్లీ పెట్టుకుంది. అది నమ్మకం లేక చేసిందో, ఏ వస్తువు ఎక్కడుందో తెలియాలని చేసిందో నాకు తెలియదు. అమ్మ మాత్రం చూస్తూ నిలబడింది.

గది రెండో అంతస్తులో ఉంది. పన్నెండు అడుగులు ఒక వైపు, పది అడుగులు ఒక వైపు. పిన్ని గోడ వెంట చెయ్యి ఆనించి ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు చెయ్యి తీసేసి తిరిగింది. కుళాయి తిప్పింది. స్టవ్ వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించింది. తర్వాత మంచం మీద కూర్చుని ఫోన్ తీసింది.

"వేలిముద్ర తీసేయాలి. ఎలాగో చెప్పు."

చెప్పాను. సెట్టింగులు, లోపల తాళం, అందులో వేలిముద్ర, తీసేయి. దాని బదులు అంకెలు పెట్టుకోమంటుంది, ఆరు అంకెలు. ఆమె అక్కడిదాకా వచ్చి ఆగింది.

"ఒరేయ్, నువ్వు కాసేపు బయట నిలబడు."

తెర నల్లగానే ఉంది. ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో ఉంది. నేను గదిలో ఉన్నా ఏమీ తెలిసేది కాదు. అయినా వెళ్లి వరండాలో నిలబడ్డాను. లోపల నుంచి గడియ పడింది. నాకు కోపం రావాలి. రాలేదు. ఎదురు గదిలో ఎవరో రేడియో పెట్టారు. కింద బండి మీద దుప్పట్లు తోసుకుపోతున్నారు.

ఐదు నిమిషాలకి గడియ తీసి, చేతికర్ర తీసుకుని బయటికి వచ్చింది. తలుపుకి తాళం వేసి రెండుసార్లు లాగి చూసింది.

"పద. బస్‌స్టాపు దాకా దిగబెడతాను."

"నన్నా?"

"ఇక్కడి దారులు నీకేం తెలుసు."

మెట్లు ఆమే ముందు దిగింది. ఎక్స్‌రే గదుల పక్క నుంచి, మందుల స్టోరు వెనక నుంచి నాకు తెలియని అడ్డదారిలో తీసుకెళ్లింది. గేటు దాటాక ఆమె చేతిలో ఫోన్ వణికింది. ఆగి విన్నది. పాత వేగమే, ఇయర్‌ఫోన్ అంచు నుంచి వడగళ్ల చప్పుడు లీలగా బయటికి వచ్చింది. చాలాసేపు వింది. పొడుగు మెసేజే.

"ఎవరు?"

"మీ అమ్మ."

"ఏమంటోంది?"

పిన్ని ఫోన్ సంచిలో వేసుకుంది.

"నాకు రాసింది," అంది.

అంతలో బస్సు వచ్చింది.